పొయ్యిలో కాళ్లు పెట్టిన దయ్యం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి పంపమని కార్యదర్శి గారు ఫోన్ చేసి అడిగారు. కరువు భత్యం బకాయిల గురించి, కమ్యుటేషన్ లెక్కల గురించి రాయడానికి నాకంటే తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. పుంగనూరు జమీందారుల గురించి, మదనపల్లె బీసెంట్ కళాశాల గురించి పెద్దలు ఎన్నోసార్లు రాశారు. అందుచేత నేను ఒక సినిమా చరిత్ర రాయదలచుకున్నాను. అదీ దయ్యాల సినిమా. చదివేవారు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. డెబ్బయి అయిదేళ్లు వచ్చాక పై అధికారి ఏమనుకుంటారో అన్న బెంగ ఒకటి తీరిపోతుంది.

సినిమా పేరు ‘జగన్మోహిని’. 1978లో విడుదలయింది. దర్శకుడు బి. విఠలాచార్య గారు. నరసింహరాజు, ప్రభ, జయమాలిని ముఖ్య పాత్రధారులు. మన సభ్యుల్లో చాలామంది చూసే ఉంటారు. చూడలేదని చెప్పేవారు కూడా చూసే ఉంటారని నా అనుభవం.

అప్పటికి నేను మదనపల్లెలో పన్నుల శాఖలో గుమాస్తాను. నా బల్ల మీదికి వచ్చేది వినోదపు పన్ను. 1939 నాటి మద్రాసు చట్టమే అప్పటికీ మనకు ఆధారం. సినిమా హాళ్ల వాళ్లు టిక్కెట్ పుస్తకాలు తెచ్చి ఆఫీసు సీలు వేయించుకుని పోయేవారు. అప్పుడప్పుడు మేము చెప్పకుండా హాలుకు వెళ్లి, లోపల ఉన్న జనానికీ, అమ్మిన టిక్కెట్లకూ లెక్క సరిపోయిందా అని చూడవలసి వచ్చేది. (2017లో జి.ఎస్.టి. వచ్చి రాష్ట్రం వసూలు చేసే ఆ పన్నును తనలో కలిపేసుకుంది. నా జీవితంలో పదేళ్లు నేను నేర్చిన విద్య అట్లా పోయింది.)

జనాన్ని లెక్కపెట్టాలంటే తెరకు వీపు పెట్టి నిలబడాలి. కాబట్టి ‘జగన్మోహిని’ని నేను మొట్టమొదట చూసింది తెర మీద కాదు, జనం ముఖాల మీద. తెర మీద వెలుగు మారినప్పుడల్లా నేల తరగతి అంతా ఒకసారి ఎర్రబడేది, ఒకసారి నీలంగా మారేది, మళ్లీ చీకటయ్యేది. ఆ చీకట్లో నోళ్లు తెరుచుకొని ఉన్న రెండు మూడు వందల ముఖాలు. ఒక్కసారిగా అందరూ కెవ్వుమన్నారు. ఆ అరుపు ముగియకముందే అందరూ పగలబడి నవ్వారు. నేను లెక్క తప్పాను. మొదటి నుంచి లెక్కపెట్టబోతే మళ్లీ అరుపు, మళ్లీ నవ్వు. చివరికి ఒక అంకె వేసుకుని, తెర వైపు తిరిగాను. ఆ రోజు తనిఖీ రిపోర్టు అంత గొప్పగా లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తిరిగి చూస్తే, వంటింట్లో పొయ్యి ముందు దయ్యం కూర్చొని ఉంది. కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టుకుని వంట చేస్తోంది. కాళ్లు మండుతున్నాయి. ముఖంలో మాత్రం నొప్పి లేదు, తొందర లేదు. ఇంటి కోడలు రోజూ చేసే పనిలాగే ఉంది.

మరునాడు ఆఫీసులో ఈ సంగతి చెప్తే మా హెడ్ గుమాస్తా గారు, “అది నేల క్లాసు వాళ్ల సినిమా, మన వంటి వాళ్లు చూసేది కాదు” అన్నారు. 1919లో ఠాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన ఊరు కదా, ఆ మాత్రం గౌరవం ఉండాలి అని కూడా అన్నారు. ఆ వారంలోనే సెకండ్ షోకు తనిఖీకి పోతే, తలపాగాలా తువ్వాలు చుట్టుకుని బెంచి తరగతిలో కూర్చున్న మనిషిని నేను గుర్తుపట్టాను. ఆయనా నన్ను గుర్తుపట్టారు. మేమిద్దరమూ ఆ విషయం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

చదువుకున్నవాళ్లు విఠలాచార్య గారిని అప్పుడూ తక్కువగానే చూశారు. కానీ ఆయన ఏ దారిన వచ్చాడో చూస్తే ఆ సినిమా ఎందుకట్లా ఉందో కొంత అర్థమవుతుంది. ఆయన 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టాడు. అరసికెరెలో హోటలు నడిపాడు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకు వెళ్లాడు. తర్వాత మిత్రులతో కలిసి టూరింగ్ టాకీసు నడిపాడు. అక్కడి నుంచి మైసూరులో మహాత్మా పిక్చర్స్ భాగస్వామి అయ్యాడు, ఆ తర్వాత మద్రాసు వచ్చి తెలుగు సినిమాలు తీశాడు. కాంతారావు, ఎన్.టి. రామారావు వంటి హీరోలతో తీసిన కత్తి యుద్ధాల సినిమాలు మనకు తెలిసినవే. 1963 నాటి ‘బందిపోటు’ నేను స్కూల్లో ఉండగా చూశాను. తెలుగువాళ్లు ఆయనను జానపద బ్రహ్మ అన్నారు. 1999లో కాలం చేశారు.

డేరాలో టిక్కెట్లు చించి లోపలికి పంపినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. ఇసుకలో కూర్చున్న మనిషి అర్ధరూపాయి ఇచ్చి వచ్చాడు, పగలంతా మడక దున్ని వచ్చాడు. అయిదు నిమిషాలకు ఒకసారి ఏదో జరగకపోతే పక్కకు ఒరిగి నిద్రపోతాడు. విఠలాచార్య సినిమాలో ఎవరూ నిద్రపోరు. ఖర్చు విషయంలో కూడా ఆయన గుమాస్తా బుద్ధి కలవాడు, ఈ మాట నేను మెచ్చుకోలుగానే అంటున్నాను. ఉన్న సెట్లు, ఉన్న దుస్తులు తిప్పి తిప్పి వాడేవారు. అనుకున్న రోజుకు సినిమా పూర్తి చేసేవారు. ఏ నటుడైనా కాల్షీట్ల దగ్గర పేచీ పెడితే కథలో అతన్ని చిలుకగానో మేకగానో మార్చేసి షూటింగ్ సాగించేవారని సినిమా వాళ్లు చెప్పుకునే మాట. నిజమో కాదో గానీ, నాతో పనిచేసిన కొందరిని అట్లా మార్చే వీలుంటే ఎంత బాగుండునో అనిపించిన రోజులు ఉన్నాయి.

ఇక ఆ సినిమాకు ఆ రంగులు, ఆ వేషం ఎక్కడి నుంచి వచ్చాయి? ఇది నేను చాలాకాలం ఆలోచించాను. మన చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకు దీనికి జవాబు దొరకడం కష్టం కాదు. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ నేల మీద పడుకుని ఉంటుంది. చిన్నప్పుడు ఆ నాటకాల్లో రాక్షసుడు వచ్చేది చూశాను. ముఖానికి అర్దళం, దాని మీద నల్లటి, ఎర్రటి గీతలు, భుజకీర్తులు, అద్దాలు తాపిన కిరీటం. పెట్రోమాక్స్ లైటు తగ్గించేవారు. కాగడా మీద గుగ్గిలం చల్లితే భగ్గుమని మంట లేచేది, ఆ మంటలో ఒక్క క్షణం ఆ ముఖం కనిపించేది. మేము అమ్మ కొంగులో దూరేవాళ్లం, మళ్లీ కొంగు పక్కకు తీసి చూసేవాళ్లం. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనూ, కుప్పం గంగమ్మ జాతరలోనూ అంతే. అమ్మవారు భయంకరం, అమ్మవారు అందం కూడా. ఆ రెండూ వేరు వేరని మనకు ఎవరూ చెప్పలేదు.

విఠలాచార్య పుట్టిన సీమ యక్షగానానికీ, భూతకోలకూ పుట్టిల్లు. అక్కడ కూడా రాత్రిపూటే ఆట, అంతెత్తు కిరీటాలు, దివిటీల వెలుగు. భూతం వేషం కట్టినవాడు ఊరి మధ్యకు వచ్చి తీర్పులు చెప్తాడు. ఆయన మద్రాసు స్టూడియోలో కెమెరా ముందు పెట్టింది ఆ దివిటీ వెలుగునే అని నా అభిప్రాయం. లైట్ల ముందు రంగు కాగితం పెట్టడం, చీకటి వెనకభాగం మీద ఒక్క ముఖానికే వెలుగు ఇవ్వడం, కింది నుంచి పొగ లేపడం, ఇదంతా మన నాటకాల వాళ్లకు తెలిసిన విద్యే.

కెమెరా కనికట్టు మాత్రం దూరదేశం నుంచి వచ్చింది. ప్యారిస్‌లో జార్జి మెలియే అనే గారడీవాడు సినిమా పుట్టిన కొత్తలో వీధిలో ఫిల్ము తీస్తుంటే కెమెరా ఇరుక్కుని ఆగిపోయిందట. సరిచేసుకుని మళ్లీ తిప్పాడు. ఇంటికి పోయి తెర మీద చూసుకుంటే, పోతున్న గుర్రపు బస్సు ఉన్నట్టుండి శవాల బండిగా మారిపోయింది. ఈ కథ ఆయన చెప్పుకున్నదే. 1896లోనే ఆయన గబ్బిలం దయ్యంగా మారే చిన్న సినిమా తీశాడు. లోకంలో తొలి దయ్యాల సినిమా అదేనంటారు. కెమెరా ఆపి, మనిషిని పక్కకు తప్పించి, మళ్లీ తిప్పడం. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు చిత్రించి మనిషిలో నుంచి వెనకున్న గోడ కనిపించేలా చేయడం. ఫిల్మును వెనక్కు తిప్పడం. ఎనభై ఏళ్ల తర్వాత మద్రాసులో ఆడిందీ ఈ ఆటే. కంప్యూటరు లేదు. ప్రతి దయ్యమూ చేత్తో చేసినదే.

ఇప్పుడు పుంగనూరు సంగతి చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను.

మా ఊరు పుంగనూరుకు దగ్గరలోని ఒక పల్లె. మా అక్క నాకంటే అయిదేళ్లు పెద్దది. 1963లో అక్కకు పెళ్లయి ఆరు నెలలయింది. పండగకు ఇంటికి వచ్చినప్పుడు ఒకనాడు మాపటేళ బావి దగ్గర పడిపోయింది. లేచాక మాట తడబడింది, రాత్రులు నిద్ర లేదు, ఊరికే ఏడ్చేది. గాలి సోకిందన్నారు. పక్క ఊరి నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించారు. ఎర్రటి ముగ్గు వేసి, దాని మధ్యలో అక్కను కూర్చోబెట్టారు. జడ విప్పేశారు. పూలు తీసేశారు. “ఎవురు నువ్వు, పేరు చెప్పు” అని వేప మండలతో కొట్టారు. అక్క తన పేరే చెప్పింది. అది తప్పు జవాబట. మళ్లీ కొట్టారు. తోసుకుని లేవకుండా కాళ్లు పట్టుకోమని నాకు చెప్పారు. నాకు పదమూడేళ్లు. పట్టుకున్నాను.

తర్వాత అక్క మామూలు మనిషే అయింది. అత్తగారింటి వాళ్లు మాత్రం తీసుకుపోలేదు. మా ఇంట్లోనే ఉండిపోయింది. చీకటి పడ్డాక అక్క ఎదురొస్తే పిల్లలు పక్క సందులోకి తిరిగేవారు. పెద్దవాళ్లు కూడా పసిబిడ్డలను ఆమె చేతికి ఇచ్చేవారు కాదు. ఇటువంటి అక్కలు, అత్తలు మన తరం వాళ్ల ఇళ్లల్లో ఎంతమంది ఉన్నారో చదివేవారికి తెలుసు.

1979 ఎండాకాలంలో ‘జగన్మోహిని’ పుంగనూరు వైపు టూరింగ్ టాకీసుకు వచ్చింది. మదనపల్లెలో ఆడి, ఎక్కడెక్కడో తిరిగి, గీతలు పడిన ప్రింటు. అమ్మ “ఆ పాడు సినిమా మనకొద్దు” అనింది. అక్క నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు మాత్రం “నేను చూడాల. తోడుకోని పో” అనింది. ఎద్దుల బండి కట్టుకుని పోయాము. డేరా మీద మైకులో ఘంటసాల గారి వెంకటేశ్వరుని పాట మొదలయిందంటే టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు. అక్క, అమ్మ ఆడవాళ్ల వైపు ఇసుక కుప్పగా చేసుకుని కూర్చున్నారు. అమ్మ ఒళ్లో చెనిక్కాయల మూట. ప్రొజెక్టరు ఒకటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైటు వెలిగేది. వెలిగినప్పుడల్లా నేను మగవాళ్ల వైపు నుంచి మెడ సాచి అక్క ముఖం చూసేవాణ్ణి. భయపడుతుందేమో, పడిపోతుందేమో, నలుగురిలో ఏమవుతుందో అని నాకు చెమటలు.

పొయ్యి ఘట్టం వచ్చింది. డేరా అంతా కెవ్వుమంది, నవ్వింది. అక్క నవ్వలేదు, అరవలేదు. తల కొంచెం పక్కకు వంచి చూస్తూనే ఉంది.

బండిలో వస్తుండగా చాలా దూరం ఎవరూ మాట్లాడలేదు. వెన్నెల ఉంది. అప్పుడు అక్క అనింది: “ఆ దయ్యానికి ఎంత చక్కగా తల దువ్వి పూలు పెట్టినార్రా. నగలు కూడా పెట్టినారు. నాకు జడ ఇప్పేసి కొట్టినారే.” అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క మళ్లీ, “దాన్ని మోసం చేసినోణ్ణి ఎతుక్కుంటా వచ్చె. అదేమన్నా ఊరికే వచ్చిందా?” అని, ఇంకొంచెం దూరం పోయాక, “వంట మాత్రం సక్రమంగా చేసింది” అని నవ్వింది. పదహారేళ్లలో నేను విన్న మొదటి నవ్వు అది. నేను బండి తోలుతూ ముందుకే చూస్తున్నాను. ఆ నాడు నీ కాళ్లు పట్టుకున్నది నేనే అక్కా అని చెప్పాలనిపించింది. ఆమెకు తెలుసు గదా. ఇంకేం చెప్పేది.

ఆ డేరా అక్కడ ఉన్నన్నాళ్లలో అక్క ఆ సినిమాకు ఇంకా రెండుసార్లు పోయింది. మూడోసారి పక్కింటి ఆడవాళ్లే వచ్చి పిలిచారు. భయమేస్తే ఈమె పక్కన కూర్చుంటామని వాళ్లలో ఒకామె అనింది.

1981లో నన్ను కుప్పం బదిలీ చేశారు. కుప్పం సంగతి మీకు తెలిసిందే, మూడు రాష్ట్రాల గడప. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, రైల్లో కన్నడం. టెంటును అక్కడ కొట్టాయి అంటారు. ‘జగన్మోహిని’ తమిళంలోకి డబ్బింగ్ అయి ఆ వైపు కూడా బ్రహ్మాండంగా ఆడింది. టీ కొట్టు దగ్గర దీని మీద నేను విన్న వాదం ఒకటి చెప్తాను. కోలారు వైపు నుంచి వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి, ఈ జగన్మోహిని మాది అన్నాడు. 1951లో మహాత్మా పిక్చర్స్ వాళ్లు కన్నడంలో ‘జగన్మోహిని’ తీశారు, దర్శకుడు డి. శంకర్ సింగ్. నూరు రోజులు ఆడిన తొలి కన్నడ సినిమా అని దానికి పేరు. విఠలాచార్య ఆ కంపెనీలో భాగస్వామిగా పనిచేసినవాడే కాబట్టి పేరు అక్కడి నుంచే తెచ్చుకుని ఉంటాడని నాకూ అనిపించింది. తమిళం మాట్లాడే కూరగాయల వ్యాపారి ఒప్పుకోలేదు. దయ్యం తమిళంలోనే మాట్లాడింది, నేను చెవులారా విన్నాను అన్నాడు. టీ కొట్టాయన తెలుగువాడు. ఎవరి దయ్యమైనా సరే, పాత బాకీ కట్టి మాట్లాడండి అన్నాడు.

కుప్పంలో ఉండగానే ఆదివారం పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి, పాత ఇంగ్లీషు సినిమాలు ఉదయం ఆటలుగా వేస్తే చూసి వచ్చేవాణ్ణి. అట్లా 1958 నాటి బ్రిటిష్ ‘డ్రాకులా’ చూశాను. క్రిస్టఫర్ లీ వేసిన వేషం అది. అదీ రంగుల సినిమాయే. అందమైన కోట, మెట్లు, నల్లటి అంగీ, దాని మీద చిక్కటి ఎరుపు. ఆయన మాట్లాడేది బహు కొద్ది. చివరికి ఎండ తగిలి బూడిదయిపోతాడు. గొప్పగా తీశారు, నేను కాదనను. కానీ ఆయన దొర. కోటలో ఉంటాడు. ఆయన దగ్గరకు మనమే పోవాలి. మన దయ్యం తానే ఇంటికి వస్తుంది, పొయ్యి ముందు కూర్చుంటుంది. ‘డ్రాకులా’ చూసి వచ్చిన రాత్రి నాకు కల వచ్చింది. ‘జగన్మోహిని’ చూసి వచ్చిన రాత్రి మా ఇంట్లో అందరూ పొయ్యి వైపు చూసి నవ్వుకుంటూ అన్నం తిన్నారు.

2009లో తమిళంలో నమితతో ‘జగన్మోహిని’ మళ్లీ తీశారు. దాంట్లో కంప్యూటరు గ్రాఫిక్సు ఉంది. నేను కొంచెం చూసి లేచాను. వయసు వల్ల కావచ్చు. పాత సినిమాను మా మనవడికి ఫోన్‌లో చూపిస్తే, వాడు నవ్వి, ఇది ఉత్త కెమెరా కట్టు తాతా అన్నాడు. నిజమే. భారతం నాటకంలో రాక్షసుడి గడ్డం ఊడిపోయి చేత్తో పట్టుకుని పద్యం పాడింది కూడా నేను చూశాను. అయినా భయపడ్డాను.

అక్క 2011లో పోయింది. చివరి సంవత్సరాల్లో మా దగ్గర మదనపల్లెలోనే ఉండేది. టీవీలో మధ్యాహ్నాలు పాత సినిమాలు వేసేవారు కదా. ‘జగన్మోహిని’ వేసినప్పుడల్లా అక్క మంచం దగ్గరగా జరుపుకునేది. మిగతా కథ కళ్లు మూసుకుని వినేది. ఆ ఘట్టం వచ్చే ముందు మాత్రం వంటింట్లో ఉన్న నా భార్యనూ, కోడలినీ పేరు పెట్టి పిలిచేది. “రాండే, రాండి. పొయ్యిలో కాళ్లు పెట్టేది వస్తాంది.” గ్యాసు కట్టేసి వాళ్లు వచ్చి కూర్చునేవారు.